శుశ్రూష అంటే వినడం: ఆసుపత్రిలో సంరక్షణ నాణ్యత, నర్సింగ్ నిర్వహణ, మన పాత్ర

కర్ణాటక ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సులను ఇప్పుడు ‘శుశ్రూషాధికారి’ అని వ్యవహరిస్తున్నారు. కన్నడ లిపిలో ఉన్న ఆ మాటను తెలుగువారు కొంచెం నిదానించి చూస్తే కూడబలుక్కొని చదువుకోగలరు. శుశ్రూష అనగానే మనకు స్ఫురించే అర్థం సేవ, ఉపచర్య. కాని ఆ సంస్కృత పదానికి మూలార్థం ‘వినాలన్న కోరిక’. ఎదుటివారి మాట వినగోరేవారే వారికి తగిన సేవ చేయగలరు గనుక, వినడం నుండి సేవ అన్న అర్థం స్థిరపడింది. ఆసుపత్రిలో సంరక్షణ నాణ్యత ఎలా మెరుగుపడుతుందన్న ప్రశ్నకు సగం సమాధానం ఈ ఒక్క పదంలో ఉన్నది. మిగిలిన సగం, అలా వినడానికి నర్సుకు కావలసిన సమయాన్నీ, తోడునూ, పద్ధతినీ సమకూర్చే నిర్వహణలో ఉన్నది.

వైద్యుడు రోగి మంచం దగ్గర నిలిచేది రోజుకు కొద్ది నిమిషాలే. రోగ నిర్ణయం ఆయనది, చికిత్స నిర్దేశం ఆయనది. ఆ నిర్దేశాన్ని వేళకు అమలు చేయడం, రోగిలో వచ్చే మార్పును కనిపెట్టడం, ప్రమాద సూచన కనిపిస్తే వైద్యుని పిలిపించడం నర్సు పని. రెండు వైద్య సందర్శనల నడుమ గడిచే ఆ దీర్ఘమైన గంటలలోనే రోగి కోలుకోవడమో, క్షీణించడమో జరుగుతుంది. కనుక ఒక ఆసుపత్రి మంచిదా కాదా అని నిర్ణయించేటప్పుడు భవనాన్నీ, యంత్రాలనూ మాత్రమే చూస్తే చాలదు. రాత్రి రెండు గంటలకు వార్డులో ఏమి జరుగుతున్నదో చూడాలి.

కోలారు బంగారు గనుల ప్రాంతానికీ, కోలారు, బంగారపేట, మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపుర పట్టణాలకూ ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ విషయాన్ని తెలుసుకోవడం అవసరం. ఎందుకు అవసరమో మా ఇంట జరిగిన ఒక సంఘటనతో చెబుతాను.

ఒక్క మాట తెచ్చిన ప్రమాదం

కొన్నేళ్ల క్రిందట మా పిన్ని ప్రకాశం జిల్లా నుండి కొడుకు దగ్గరకు వచ్చింది. అతడు నరసాపుర పారిశ్రామిక వాడలో ఉద్యోగి. ఆమెకు మధుమేహం, కాలి పుండు మానకపోవడంతో ఆసుపత్రిలో చేర్చాము. ఒకనాటి మధ్యాహ్నం భోజనానికి ముందు ఇవ్వవలసిన ఇన్సులిన్‌ను ఉదయం డ్యూటీ సిస్టర్ వేళకే ఇచ్చింది. భోజనం కూడా వచ్చింది. అయితే వికారంగా ఉండడం వల్ల పిన్ని రెండు మెతుకులు కూడా నోట పెట్టుకోకుండా పళ్లెం మీద మూత పెట్టి స్టూలు క్రిందకు జరిపింది. రెండు గంటలకు షిఫ్టు మారింది. కొత్తగా వచ్చిన సిస్టర్ మంచం దగ్గర నిలిచి, ‘అమ్మా, ఊట ఆయ్తా?’ అని కన్నడంలో అడిగింది. భోజనమైందా అని ఆ ప్రశ్నకు అర్థం. మన తెలుగులో ఊట అంటే నీరు ఊరడం. పుండు దగ్గర నీరు ఊరితే చెప్పమని ఉదయమే కట్టు కట్టినవారు హెచ్చరించి ఉన్నారు. పిన్ని కాలి కట్టు వైపు చూసుకొని, అది తడిసి ఉండడంతో, ‘ఆయిందమ్మా’ అన్నది. సిస్టర్ తృప్తిపడి తరువాతి మంచానికి వెళ్లింది.

గంట గడిచేసరికి పిన్నికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. ప్రక్క మంచం మీది అవ్వ కేక వేయడంతో సిస్టర్ పరుగున వచ్చి రక్తంలో చక్కెర పరీక్షించింది. అది ప్రమాదకరంగా పడిపోయింది. వెంటనే చక్కెర నీరు త్రాగించడం వల్ల ఆమె తేరుకున్నది. ఇంకొంత ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకు ఇప్పటికీ మనస్కరించదు.

ఇందులో తప్పు ఎవరిది? ఇన్సులిన్ ఇచ్చిన సిస్టర్ వేళ తప్పలేదు. రెండవ సిస్టర్ అడగక మానలేదు. రోగి బదులివ్వక మానలేదు. అయినా ప్రమాదం జరిగింది. వెళ్లే షిఫ్టు నుండి వచ్చే షిఫ్టుకు ‘ఈమె ఇన్సులిన్ తీసుకున్నది, ఇంకా భోజనం చేయలేదు’ అన్న ఒక్క వాక్యం చేరలేదు. భాష తెలియని రోగి చెప్పిన ఒక్క మాట బదులును పళ్లెం చూసి ధ్రువపరచుకొనే పద్ధతి ఆ వార్డులో లేదు. ఆ సాయంత్రం హెడ్ నర్సు వచ్చి ఎవరినీ నిందించకుండా జరిగినది మొదటి నుండి అడిగి తెలుసుకొని, వ్రాసుకున్నది. మరునాటి నుండి ఇన్సులిన్ తీసుకొనే ప్రతి రోగి కాగితం మీద ‘భోజనం – పళ్లెం చూసితిమి’ అని గుర్తు పెట్టే ఏర్పాటు చేసింది. నర్సింగ్ నిర్వహణ అంటే ఏమిటో నాకు ఆనాడు అర్థమైంది. ఒక మనిషి జాగ్రత్త మీద ఆధారపడిన పనిని, ఎవరు డ్యూటీలో ఉన్నా తప్పిపోని పద్ధతిగా మార్చడమే నిర్వహణ.

నాలుగు పాదాల చికిత్స

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలు నాలుగు: ఉపచారం ఎరిగి ఉండడం, నేర్పు, రోగి యందు అనురాగం, శుచిత్వం. నేటి నర్సింగ్ విద్యలోని జ్ఞానం, నైపుణ్యం, కరుణ, సంక్రమణ నివారణ అన్న నాలుగు అంశాలూ వీటికి చాలా దగ్గరగా ఉన్నాయి. రోగికి చెప్పిన గుణాలలో ‘జ్ఞాపకత్వం’ ఒకటి. తన బాధను తెలియజెప్పగలగడం అని దాని భావం. పరాయి భాష నడుమ ఉన్న రోగికి మొదట కొరవడేది ఈ గుణమే. మంచం నాలుగు కోళ్లలో ఒకటి పొట్టిదైతే మిగిలిన మూడూ ఎంత గట్టివైనా మంచం ఊగక మానదు.

గనుల ఆసుపత్రి చెప్పే పాఠం

1880వ దశకంలో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడ బంగారు గనుల త్రవ్వకాన్ని పెద్ద ఎత్తున ప్రారంభించినప్పటి నుండి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగు, తమిళ కుటుంబాలు ఈ నేలకు వలస వచ్చాయి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున పనిచేసే కార్మికులకు రాతి పేలుళ్లు, ఎముకల విరుపులు నిత్య ప్రమాదాలు. వాటిని మించి ప్రాణాలు తోడేసినది రాతి ధూళి. ఊపిరితిత్తులలో చేరిన సిలికా ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ వ్యాధి మన దేశంలో తొలుత వెలుగులోకి వచ్చింది ఈ గనులలోనే. 1940వ దశకంలో ఏడు వేలకు పైగా కార్మికులను పరీక్షించగా, నూటికి నలభై మందికి పైగా ఆ వ్యాధి ఉన్నట్లు తేలింది.

సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. గని పని మానిన తరువాత కూడా అది ముదురుతుంది. క్షయ సోకే అవకాశాన్ని పెంచుతుంది. అటువంటి రోగికి కావలసినది శ్వాస ఆడేటట్లు కూర్చోబెట్టడం, ఆమ్లజని సక్రమంగా అందుతున్నదో చూడడం, కఫం తీయించడం, పోషణ, ధైర్యం. ఇవన్నీ నర్సింగ్ పనులే. చికిత్స పరిధి ముగిసిన చోట కూడా శుశ్రూష పరిధి ముగియదని మన గని కార్మికుల కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. వాటితోపాటే గనుల ఆసుపత్రి కూడా మూతపడింది. ఇరవై ఏళ్ల తరువాత, 2021లో కరోనా రెండవ విడత విజృంభించినప్పుడు, స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పాత భవనాన్ని కొద్ది దినాలలోనే శుభ్రపరచి పడకలు సిద్ధం చేశారు. అది ప్రశంసనీయమైన కార్యం. ఆ అనుభవం మరొక సత్యాన్ని కూడా చూపుతుంది. గోడలకు సున్నం వేయవచ్చు, మంచాలు తెప్పించవచ్చు. ఒక శిక్షితురాలైన నర్సును తయారు చేయడానికి మాత్రం జనరల్ నర్సింగ్ కోర్సుకు మూడేళ్లు, బి.ఎస్‌సి. నర్సింగ్‌కు నాలుగేళ్లు పడుతుంది. ఆపద వచ్చిన తరువాత వెదికితే దొరికేది కాదది.

మొదటి ప్రశ్న: ఎందరికి ఒకరు?

భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో మూడు పడకలకు ఒక నర్సు, ఇతర సాధారణ ఆసుపత్రులలో అయిదు పడకలకు ఒక నర్సు ఉండాలి. ఈ లెక్కను చాలామంది అపార్థం చేసుకుంటారు. అది మూడు షిఫ్టులకూ కలిపి చెప్పిన సంఖ్య. ముప్ఫై పడకల వార్డుకు అయిదింట ఒకరి చొప్పున ఆరుగురు వస్తారు. ఆ ఆరుగురిని మూడు షిఫ్టులకు పంచితే ఒక వేళకు ఇద్దరే మిగులుతారు. వారిలో ఒకరు సెలవు పెడితే ముప్ఫై మందికి ఒక్కరే. సెలవుల కోసం నూటికి ముప్ఫై వంతున అదనపు నర్సులను ఉంచుకోవాలని ప్రమాణం చెప్పడానికి కారణం ఇదే.

ఈ సంఖ్యకూ రోగి ప్రాణానికీ సంబంధం ఉన్నదని పరిశోధనలు నిరూపించాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, శస్త్రచికిత్స చేయించుకున్న రోగి ముప్ఫై రోజులలోగా మరణించే అవకాశం ఏడు శాతం పెరుగుతున్నదని అందులో తేలింది. ఐరోపా దేశాలలో జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే ఫలితం వచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లోనే శాసనం చేసి, 2004 నుండి ఒక్కో నర్సుకు కేటాయించదగిన రోగుల గరిష్ఠ సంఖ్యను అమలులోకి తెచ్చింది.

కనుక ‘సిస్టర్ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు’ అని మనకు కోపం వచ్చినప్పుడు, ఆ వేళ ఆమె చేతి క్రింద ఎందరు రోగులున్నారో కూడా అడగాలి. నిర్లక్ష్యమైతే ఆమెను నిలదీయవచ్చు. సంఖ్య తక్కువైతే నిలదీయవలసినది ఆమెను కాదు, నియామకాలు చేయవలసిన వ్యవస్థను.

రెండవ ప్రశ్న: అప్పగింత ఎలా జరుగుతున్నది?

ఒక రోగి బాధ్యత రోజుకు రెండు మూడు సార్లు చేతులు మారుతుంది. సమాచారం జారిపోయేది ఎక్కువగా అక్కడే. మంచి అప్పగింతలో నాలుగు అంశాలు ఉండాలి: రోగి ఇప్పుడు ఎలా ఉన్నాడు, ఎందుకు చేరాడు, ఈ షిఫ్టులో ఏ మార్పు వచ్చింది, రాబోయే షిఫ్టులో ఏమి చేయాలి. ఈ అప్పగింత నర్సుల గదిలో కాక రోగి మంచం దగ్గర, కేస్ షీట్ చేతిలో పట్టుకొని జరగడం మేలు. అప్పుడు రోగీ, బంధువులూ కూడా వింటారు. పొరపాటు ఉంటే అక్కడికక్కడే చెప్పగలుగుతారు.

మందు ఇచ్చే ముందు నర్సులు అయిదు విషయాలు సరిచూడాలి: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. మొదటిదే అన్నిటికంటె ముఖ్యం. ఈ జిల్లాలో ఒకే వార్డులో ఇద్దరు వెంకటమ్మలు, ముగ్గురు మునియమ్మలు ఉండడం వింత కాదు. అందువల్ల పేరుతోపాటు ఇన్‌పేషెంట్ నంబరు కూడా చూడాలి. ‘మీరు వెంకటమ్మేనా?’ అని అడిగితే మగతలో ఉన్న రోగి దేనికైనా తల ఊపుతుంది. ‘మీ పేరేమి?’ అని అడిగితే ఆమే చెబుతుంది. ప్రశ్నలోని ఈ చిన్న తేడా ప్రాణాలు కాపాడుతుంది.

మూడవ ప్రశ్న: చేతులు శుభ్రమేనా?

1840వ దశకంలో వియన్నా నగరపు ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ఒక భయానక సత్యాన్ని గుర్తించాడు. శవపరీక్ష గది నుండి వచ్చిన వైద్యుల చేతులే బాలింతలకు జ్వరాన్ని మోసుకొని వస్తున్నాయి. 1847లో ఆయన క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవడాన్ని తప్పనిసరి చేశాడు. 1846లో నూటికి పదకొండుకు పైగా ఉన్న బాలింతల మరణాలు 1848 నాటికి నూటికి ఒకటి రెండుకు దిగివచ్చాయి.

నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలను నిర్దేశించింది. రోగిని తాకే ముందు, శుభ్రమైన చికిత్సా ప్రక్రియకు ముందు, రక్తాది స్రావాలు అంటే అవకాశం ఏర్పడిన తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి పరిసరాలను తాకిన తరువాత చేతులు శుభ్రపరచుకోవాలి. ఈ నియమం వైద్యులకూ, నర్సులకూ, ఆయాలకూ, చూడవచ్చిన మనకూ సమానమే. పండ్ల సంచితో వచ్చి, ఒక మంచం మీద కూర్చొని మరొక రోగి చేయి పట్టుకొని పరామర్శించే ఆప్యాయతే ఒక్కొక్కసారి రోగాన్ని మోసుకొని వెళుతుంది.

వార్డులోని రంగు బుట్టలను కూడా గమనించాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు బుట్టలో, సెలైన్ గొట్టాలు, చేతి తొడుగులు ఎరుపు బుట్టలో, సూదులు, బ్లేడ్లు తెల్లని డబ్బాలో, గాజు సీసాలు నీలం పెట్టెలో వేయాలి. అన్నం మెతుకులూ, అరటి తొక్కలూ వీటిలో వేయరాదు.

నాల్గవ ప్రశ్న: పొరపాటు జరిగితే ఏమి చేస్తున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వైద్య సేవలు పొందే ప్రతి పదిమందిలో ఒకరికి ఆ సేవల క్రమంలోనే ఏదో ఒక హాని జరుగుతున్నది. అందులో సగానికి పైగా నివారింపదగినదే. పొరపాటే జరగని ఆసుపత్రి లేదు. జరిగిన పొరపాటును దాచే ఆసుపత్రి ఉన్నది, దాని నుండి నేర్చుకొనే ఆసుపత్రి ఉన్నది.

ఆధునిక నర్సింగ్‌కు మూలమైన ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనం చేతి దీపంతో గుర్తుంచుకుంటాము. ఆమె అసలు ఆయుధం లెక్కల పుస్తకం. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో స్కుటారి సైనికాసుపత్రికి వెళ్లిన ఆమె, ఎవరు ఏ కారణం చేత మరణిస్తున్నారో లెక్క వ్రాయించి, గాయాల కంటె అపరిశుభ్రత వల్ల వచ్చే రోగాలే ఎక్కువమందిని బలిగొంటున్నాయని చూపింది. నేటి హెడ్ నర్సు కూడా ఈ నెల ఎందరు రోగులు మంచం మీద నుండి పడ్డారు, ఎందరికి పడక పుండ్లు వచ్చాయి, మందుల పొరపాట్లు ఎన్ని, శస్త్రచికిత్స గాయాలు ఎన్ని చీము పట్టాయి అన్న లెక్కలు ఉంచాలి. పొరపాటు చెప్పిన నర్సుకు శిక్ష తప్పదంటే ఎవరూ చెప్పరు. లెక్క సున్నా అని ఉంటుంది, హాని మాత్రం కొనసాగుతుంది. బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యాన్ని శిక్షిస్తూనే, నిజాయితీగా చెప్పిన పొరపాటును పాఠంగా స్వీకరించగల హెడ్ నర్సు ఉన్న వార్డులో రోగి క్షేమం.

ప్రభుత్వ కొలమానాలు

ప్రభుత్వ ఆసుపత్రుల నాణ్యతను కొలవడానికి దేశమంతటా ఒకే కొలమానం ఉన్నది. 2013లో రూపొందిన జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు ఎనిమిది అంశాలను పరిశీలిస్తాయి: అందించే సేవలు, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, చికిత్సా సేవలు, సంక్రమణ నివారణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు. పరిశుభ్రత కోసం 2015లో ‘కాయకల్ప’, కాన్పు గదుల మెరుగుదల కోసం 2017లో ‘లక్ష్య’ ప్రారంభమయ్యాయి. ఈ ధ్రువపత్రం పొందిన ఆసుపత్రి దానిని అందరికీ కనిపించేటట్లు ప్రదర్శిస్తుంది. కోలారులోని శ్రీ నరసింహరాజ జిల్లా ఆసుపత్రికి గాని, రాబర్ట్‌సన్‌పేటలోని ప్రభుత్వ ఆసుపత్రికి గాని, మన వార్డు ఆరోగ్య కేంద్రానికి గాని వెళ్లినప్పుడు ఆ పత్రం కోసం చూడండి. అది లేకపోతే ఎప్పుడు పరిశీలనకు సిద్ధమవుతున్నారని మర్యాదగా అడగవచ్చు. పౌరులు అడిగే ప్రశ్న కూడా నాణ్యతకు ఒక ప్రేరణే.

మనం చేయవలసినవి

రోగికి ఉన్న వ్యాధులు, వాడుతున్న మందులు, పడని మందులు, ఇంతకు ముందు జరిగిన శస్త్రచికిత్సలు ఒక కాగితం మీద వ్రాసి ఆధార్ కార్డుతో పాటు ఉంచుకోవాలి. ఊరి నుండి తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఈ కాగితం మరీ అవసరం.

భాష తెలియనప్పుడు తల ఊపరాదు. ‘ననగె అర్థ ఆగలిల్ల’ అంటే నాకు అర్థం కాలేదని. ఈ ఒక్క కన్నడ వాక్యం ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి. ‘ఊట మాడిల్ల’ అంటే భోజనం చేయలేదు. ‘నోవు’ అంటే నొప్పి. ‘ఎదె’ అంటే ఛాతి. ‘హొట్టె’ అంటే కడుపు. ‘తలె సుత్తు’ అంటే తల తిరగడం. ‘బెవరు’ అంటే చెమట. ‘సాకు’ అంటే చాలు. ఈ చివరి మాట తెలుగులో వేరే అర్థాన్నిస్తుందని గుర్తుంచుకోండి.

సిస్టర్ చెప్పినది అర్థమైనా, దానిని తిరిగి ఆమెకే చెప్పి చూపాలి. ‘ఈ మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తరువాత, అంతేనా?’ అని అడగడంలో చిన్నతనమేమీ లేదు. డిశ్చార్జి రోజున ఇది తప్పనిసరి.

కదలలేని రోగిని రెండేసి గంటలకు ఒకసారి ప్రక్కకు తిప్పాలి. నర్సు చూపిన పద్ధతిలో కుటుంబం తోడ్పడవచ్చు. అయితే సెలైన్ వేగం మార్చడం, ఆమ్లజని తగ్గించడం, గొట్టాలను కదల్చడం మన పనులు కావు.

చెమటలు, ఆయాసం, మాట తడబాటు, మగత, ఆగని రక్తస్రావం కనిపిస్తే మొహమాటపడక వెంటనే కేక వేయాలి. మా పిన్నిని కాపాడినది ప్రక్క మంచం అవ్వ వేసిన కేకే.

సిస్టర్‌ను గౌరవంగా పలకరించాలి. ఆమె కూడా ఎక్కువ సందర్భాలలో మనవలెనే ఊరు విడిచి వచ్చిన వలస ఉద్యోగి. కోపంతో చేయి చేసుకోవడం నేరం. అంతకు మించి, ఆ వేళ ఆమె చూడవలసిన మరి ముప్ఫై మందికి చేసే ద్రోహం.

ఎవరికి చెప్పుకోవాలి?

సమస్య వచ్చినప్పుడు మొదట డ్యూటీ నర్సుకు, తరువాత హెడ్ నర్సుకు, ఆపైన నర్సింగ్ సూపరింటెండెంటుకు, అక్కడా తీరకపోతే ఆసుపత్రి వైద్యాధికారికి లిఖితపూర్వకంగా తెలపాలి. వ్రాతలో తేదీ, వేళ, వార్డు, జరిగిన సంగతి మాత్రమే ఉండాలి, నిందలు అక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ‘ఆరోగ్య రక్షా సమితి’ ఉంటుంది. సభ్యుల పేర్లు అడిగి తెలుసుకోవచ్చు. ప్రైవేటు ఆసుపత్రుల విషయంలో కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం క్రింద జిల్లాధికారి అధ్యక్షతన ఫిర్యాదుల పరిష్కార ప్రాధికార సంస్థ ఉన్నది. ఆరోగ్య సలహాకు, ఫిర్యాదుకు 104, అత్యవసర అంబులెన్సుకు 108 సంఖ్యలకు ఫోన్ చేయవచ్చు. రోగి కేస్ షీట్ నకలు కోరడం మన హక్కు. కోరిన 72 గంటలలోగా వైద్యులు దానిని ఇవ్వాలని వైద్య వృత్తి నియమాలు చెబుతున్నాయి.

మంచి సేవ పొందినప్పుడు ఆ మాట కూడా వ్రాసి ఇవ్వండి. ఫిర్యాదు పెట్టెలో ప్రశంసా పత్రం వేయరాదన్న నియమం ఎక్కడా లేదు. ఆ సాయంత్రం హెడ్ నర్సు చేసిన పనిని గురించి మేము ఒక కాగితం వ్రాసి ఇచ్చాము. ఆమె దానిని చదివించుకొని, మడిచి కేస్ షీట్ల క్రింద పెట్టి, ‘అమ్మకు ఊట ఆయ్తా?’ అని అడిగింది. ఈసారి మా పిన్ని ఖాళీ పళ్లెం ఎత్తి చూపింది.